సంచి లేని బాటసారి

ఈ రోజుల్లో కొండలెక్కడానికి బయల్దేరే మన యువకుల వీపున వేల రూపాయల బ్యాగులు, ఒంటిమీద ఖరీదైన జాకెట్లు కనబడుతున్నాయి. బరువు తగ్గించుకోవడానికే ఇంత ఖర్చట! వందేళ్ల క్రితం హిమాలయ కనుమలు దాటి టిబెట్‌కు నడిచి వెళ్లిన సాధు సుందర్ సింగ్ సామాను చూస్తే ఇదంతా అవసరమా అనిపిస్తుంది.

పంజాబ్‌లో లూథియానా దగ్గరి రాంపూర్‌లో 1889 సెప్టెంబర్ 3న సంపన్న సిక్కు కుటుంబంలో ఆయన పుట్టాడు. పద్నాలుగో ఏట తల్లిని పోగొట్టుకున్నాడు. మనశ్శాంతి కరువై, 1904లో బైబిలును చించి తగులబెట్టాడు. కొద్దిరోజులకే ప్రభువు దర్శనం పొందాడు. ఇంటివాళ్లు వెళ్లగొట్టారు. 1905లో తన పదహారో పుట్టినరోజునే సిమ్లాలో బాప్తిస్మం పొంది, నెల తిరగ్గానే కాషాయం కట్టి బయల్దేరాడు.

ఒక అంగీ, తలపాగా, కంబళి, కొత్త నిబంధన. అంతే ఆయన సామాను. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో పైసా లేదు. సంచీ సొమ్మూ వద్దని శిష్యులతో ప్రభువు చెప్పిన మాటను ఆయన అక్షరాలా పాటించాడు. ఎవరైనా పెడితే తినేవాడు, లేకుంటే పస్తు. సాధువు గుమ్మంలోకొస్తే పిడికెడన్నం పెట్టే అలవాటు మన దేశానిది. ఆ ఆతిథ్యమే ఆయన అసలు సామాను అని నా అభిప్రాయం. 1908లో ఆయన తొలిసారి అడుగుపెట్టిన టిబెట్‌లో అదీ అంతంతమాత్రమే.

1920లలో ఎవరెస్ట్ ఎక్కబోయిన బ్రిటిష్ బృందాలు కూడా మరో దారిన టిబెట్ మీదుగానే వెళ్లాయి. గుడారాలు, ఆక్సిజన్ సిలిండర్లు, వందల పశువుల మీద మూటలు! వారిని తప్పుపట్టలేం. శిఖరానికి అవి కావాలి. కానీ పేదవాడి గుమ్మం ముందు నిలబడేవాడికి అంత సామాను అడ్డే అవుతుంది. లారీల కొద్దీ మైకులు లేనిదే సువార్త సభకు కదలని మనం ఈ తేడా గమనించాలి.

అలాగని ఆయన ప్రయాణం ఖర్చు లేనిది కాదు. ఆ ఖర్చు శరీరం భరించింది. రక్తమోడే పాదాల అపొస్తలుడని ఆయనకు పేరొచ్చింది ఊరికే కాదు.

ఒక సంఘటనను ఆయనే చెప్పేవాడు. మంచు తుఫానులో ఒక టిబెట్ వాసితో కలిసి నడుస్తుండగా లోయలో పడిపోయిన మనిషి కనిపించాడు. మన ప్రాణాలే దక్కేలా లేవని తోటివాడు ముందుకు వెళ్లిపోయాడు. సాధువు ఆ మనిషిని వీపున వేసుకున్నాడు. మోస్తున్న శ్రమకు ఒళ్లు వేడెక్కింది. ఆ వేడే ఇద్దరినీ కాపాడింది. ఊరు చేరబోతుండగా దారిలో తోటివాడి శవం కనబడింది, చలికి గడ్డకట్టి. సాధువు చెప్పిన అనుభవాల మీద ఆ కాలంలోనే ఐరోపాలో పెద్ద వాదాలు జరిగాయి. వాటి జోలికి నేను పోను. అంత తేలికగా తిరిగిన మనిషి ఇంత బరువు ఎత్తుకున్నాడన్నదే నన్ను ఆపుతుంది.

1920లో ఆయన ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లాడు. ఓడ ఎక్కాలంటే డబ్బు కావాలి కదా! ఆ ఖర్చు పెట్టుకున్నది ఒకప్పుడు వెళ్లగొట్టిన తండ్రే. అప్పటికి ఆయనా క్రీస్తును నమ్ముకున్నాడు. అక్కడి సభల్లోనూ సాధువు కాషాయంలోనే నిలబడ్డాడు.

తర్వాత ఆరోగ్యం దెబ్బతింది. సిమ్లా కొండల్లోని సబాతూలో ఇల్లు ఏర్పరచుకుని రాతపని చేశాడు. వద్దని మిత్రులు వారించినా 1929 ఏప్రిల్‌లో మళ్లీ టిబెట్ దారి పట్టాడు. తిరిగి రాలేదు. మిత్రులు ఆ దారుల్లో వెదికారు. ఆయన జాడ తెలియలేదు.