ఆసుపత్రి పేరులో నిలిచిన నిలోఫర్

దేవరకొండలోనైనా, అచ్చంపేటలోనైనా పసిబిడ్డ పరిస్థితి విషమిస్తే వైద్యులు తరచుగా పలికే మాట నిలోఫర్. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల తల్లిదండ్రులకు అది హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఆసుపత్రి. అది ఒక స్త్రీ పేరని, యుద్ధకాలంలో ఆమె నర్సుగా శిక్షణ పొందారని ఎరిగినవారు తక్కువ.

నిలోఫర్ 1916 జనవరి 4న ఇస్తాంబుల్‌లో జన్మించారు. తల్లి అదిలె సుల్తాన్ వైపున ఆమె ఒట్టోమన్ చక్రవర్తి ఐదవ మురాద్‌కు మునిమనుమరాలు. రెండేళ్ల ప్రాయంలోనే తండ్రి మరణించారు. 1924లో ఖలీఫా పదవిని రద్దుచేసిన టర్కీ ప్రభుత్వం రాజవంశాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. తల్లీకూతుళ్లు ఫ్రాన్సులోని నీస్ నగరం చేరారు. అక్కడే 1931 నవంబరు 12న ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుడు మొజంజాహీతో ఆమె వివాహం జరిగింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. నగరంలోని మొజంజాహీ మార్కెట్‌కు ఆ యువరాజు పేరే పెట్టారు. పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అనే పేరు తెచ్చిన ఆరవ నిజాం ఆయనకు తాతగారు.

నిజాం అంతఃపుర స్త్రీలు గోషా దాటని రోజుల్లో నిలోఫర్ బహిరంగ కార్యక్రమాలకు హాజరయ్యేవారు. ఆమె అందాన్ని గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. సేవను గురించి రాసింది స్వల్పం. రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు ఆమె నర్సు శిక్షణ పొంది సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. రోగి పరిచర్యను పరుల పనిగా ఎంచే రాజకుటుంబంలో అది చిన్న విషయం కాదు.

ఆమెకు సంతానం కలగలేదు. ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది మాత్రం మరొకరి ప్రసవం. ఎంతో ఇష్టంగా చూసుకునే పరిచారిక రఫత్ కాన్పు సమయంలో సరైన వైద్యం అందక మరణించింది. రాజభవనంలో పనిచేసే స్త్రీకే ఆ గతి పట్టినప్పుడు, మంత్రసాని తప్ప మరో దిక్కులేని పల్లెల్లోని తల్లుల మాట చెప్పనక్కరలేదు. మరే తల్లికీ ఆ దుర్గతి రాకూడదని నిలోఫర్ సంకల్పించారు. ప్రసూతి, శిశు వైద్యానికి ప్రత్యేక ఆసుపత్రి ఆలోచన అలా రూపుదిద్దుకుంది.

ఈలోగా కాలం మారింది. నల్గొండ పల్లెలు నిజాం పాలనపై, దొరల పెత్తనంపై సాయుధంగా తిరగబడ్డాయి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. 1952లో మొజంజాహీ, నిలోఫర్ దంపతులు విడిపోయారు. ఆ మరుసటి ఏడాది, 1953లో, నూరు పడకలతో ఆసుపత్రి ప్రారంభమైంది. నిజాం కోడలిగా ఆమె సంబంధం తెగిపోయిన తరువాత కూడా ఆసుపత్రి పేరు మారలేదు. నిజాం పాలనతో పోరాడిన జిల్లాల ప్రజలే ఆ పేరును ఇంటి మాటగా చేసుకోవడం విశేషం.

ఆమె ఫ్రాన్సులోనే స్థిరపడి, 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను వివాహమాడారు. 1989 జూన్ 12న పారిస్‌లో కన్నుమూశారు. సమాధి ఆ నగర శివారులోని బోబిన్యీ ముస్లిం శ్మశానవాటికలో ఉంది. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో పడకలు నేడు నాటికంటే అనేక రెట్లు పెరిగాయి. అయినా ఒక్కోసారి ఒకే పడకపై ఇద్దరు పసివాళ్లను పడుకోబెట్టక తప్పడం లేదు.