బోరు చాలని ఊరికి నీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ

చొప్పదండి చుట్టుపక్కల ఎవరైనా బోరు వేయిస్తుంటే ఇంటిల్లిపాదీ బండి దగ్గరే నిలబడతారు. మొరం దాటి రాయి తగిలాక నీళ్లు పడతాయా, ఒట్టి దుబ్బే లేస్తుందా అన్నదే బెంగ. ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలోనూ 1828లో లోతైన బోరు పని మొదలైంది. నీళ్లు పడ్డాయి గానీ ఊరికి చాలలేదు. ఆ పని చూసిన యువ ఇంజనీరు హెన్రీ డార్సీ.

ఆయన 1803 జూన్ 10న ఆ ఊళ్లోనే పుట్టారు. పద్నాలుగేళ్లకే తండ్రి పోయారు. తల్లి అప్పు చేసి మరీ ట్యూషన్లు చెప్పించారు. పారిస్‌లో ఇంజనీరింగ్ చదివి సొంత ఊరికే ఉద్యోగిగా వచ్చారు.

బోరు చాలకపోవడంతో 12 కిలోమీటర్లకు పైగా దూరంలోని రోజ్వార్ ఊట నుంచి మూసిన కాలువ కట్టించారు. పంపులు లేవు, వాలు మీదే నీళ్లు 1840లో ఊరు చేరాయి. తర్వాత వీధుల్లో సుమారు 28 కిలోమీటర్ల పైపులు వేశారు. తనకు రావలసిన ఫీజు మాత్రం వదులుకున్నారు. బంగారు పతకం, బతికినన్నాళ్లూ ఇంటికి ఉచితంగా నీళ్లు, అంతే పుచ్చుకున్నారు. మన భాషలో నల్లా బిల్లు మాఫీ!

1848 విప్లవం తర్వాత డిజోన్ నుంచి బదిలీ అయ్యారు. 1855లో ఆరోగ్యం చెడి బాధ్యతలు వదిలి తిరిగొచ్చారు. మరొకరైతే విశ్రాంతి తీసుకునేవారేమో. ఆయన ఊరి ఆసుపత్రి ఆవరణలో మూడున్నర మీటర్ల గొట్టం నిలబెట్టి, ఇసుక నింపి, నీళ్లు వదిలి కొలిచారు. పైనా కిందా నీటి మట్టాల తేడా రెట్టింపైతే ప్రవాహమూ రెట్టింపు. ఇసుక మందం రెట్టింపైతే ప్రవాహం సగం. మిగతాది ఆ ఇసుక గుణం. సన్న ఇసుకలో నెమ్మది, ముతక ఇసుకలో వేగం. 1856లో డిజోన్ నీటి సరఫరాపై రాసిన పెద్ద పుస్తకంలో, చివరి అనుబంధాల్లో ఈ సూత్రం అచ్చయింది. భూగర్భజల శాస్త్రానికి పునాది అదే.

మన గ్రానైట్ నేలలో ఈ లెక్క అంత తేలిక కాదు. గట్టి రాయిలో నీళ్లు పారే సందులు దాదాపు ఉండవు. మొరంలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు కదులుతుంది. అందుకే పక్కపక్క పొలాల్లో ఒక బోరు పోస్తుంది, ఇంకోటి దుబ్బ లేపుతుంది. నేల ఇచ్చేదానికన్నా వేగంగా మోటారు లాగితే బోరులో మట్టం పడిపోతూనే ఉంటుంది. డార్సీ సూత్రాన్ని బావులకు అన్వయించి లెక్క కట్టిన వ్యక్తి మరో ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుప్వి, 1863లో. అది చూడ్డానికి డార్సీ లేరు. 1858 జనవరి 3న, పారిస్ వెళ్లినప్పుడు, న్యుమోనియాతో కన్నుమూశారు.