రోకటిపాటలో దేవుని చూచిన అన్నమయ్య

తిరుపతి, చిత్తూరు వాసులకు తాళ్లపాక అన్నమాచార్యుల పేరు కొత్తగా చెప్పనక్కరలేదు. కొండమీద మైకుల్లో, టీ అంగళ్లలో ఆయన పాట వినపడని పొద్దు లేదు. మన సంచికలో ఆయన జీవితం ఎందుకని కొందరికి తోచవచ్చు. చదివితే తెలుస్తుంది.

ఆయన 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టినారు. ఆయన కథను మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిపెట్టినాడు. అందులో ఒక ముచ్చట మాకు చాలా ఇష్టం. ఈ పిల్లవాడు ఎప్పుడూ పాడుకుంటూ వుంటాడే గాని పని ముట్టడని ఇంటివాళ్లు కసిరి, గడ్డి కోసుకు రమ్మని పంపినారట. కొడవలి తగిలి చిటికెనవేలు తెగింది. అటుగా పోతున్న యాత్రికులతో కలిసి అట్లే తిరుమల దారి పట్టినాడు.

పదహారో ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా 32 వేల సంకీర్తనలు చెప్పినారని ప్రసిద్ధి. ఆయన భార్య తిమ్మక్క కూడా కవయిత్రే, సుభద్రా కల్యాణం ఆమెదే. సాళువ నరసింహరాయలు తనమీద పాట కట్టమంటే కట్టనన్నారనీ, దానికి సంకెళ్లు వేయించినాడనీ చిన్నన్న రాసినాడు. ఈ కథ సినిమాల వల్ల అందరికీ తెలిసిందే.

మాకు అంతకంటే పెద్దగా తోచేది వేరే వుంది. ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడే సువ్విపాట, బిడ్డను ఊపే జోలపాట, గొబ్బిపాట, కోలాటం పాట, వీటిని ఎవరు లెక్కచేస్తారు? ఆయన ఆ బాణీలనే తీసుకొని దేవుని పాటలు కట్టినారు. మాటలు కూడా ఇంట్లో, వీధిలో పలికేవే. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేననీ, ఏనుగుమీద కాసే ఎండే కుక్కమీదా కాస్తుందనీ ఒక పాటలో చెప్పినారు. మసీదులో ఒకే సఫ్‌లో నిలబడే మనకు ఈ మాట విడమరచి చెప్పాల్నా!

బీజాపూరు సూఫీలు కూడా తరువాతి కాలంలో ఇట్లాంటి పనే చేసినారు. తిరగలి తిప్పే ఆడవాళ్ల కోసం చక్కీనామా, రాట్నం వడికేవాళ్ల కోసం చర్ఖానామా, ఊయల కోసం లోరీనామా అని దక్కనీలో పాటలు కట్టినారు. ఎవరు ఎవరిని చూసి నేర్చినారనే తగవు మనకు వద్దు. ఆ దక్కనీయే నేడు మన ఇళ్లలో పలికే భాష. బడికి వచ్చిన బిడ్డ అమ్మ నేర్పిన మాట పలికి, అది పుస్తకం ఉర్దూ కాదని నలుగురూ నవ్వితే తల వంచుకోవడం మేము ఏటా చూస్తున్నాము.

అన్నమయ్య పాటలను కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించినారు. రెండు వేల పైచిలుకు రేకులు గుడిలో హుండీ దగ్గరి చిన్న అరలో వందల ఏండ్లు మరుగునపడి వుండినాయి. ఇరవయ్యో శతాబ్దంలో గాని అవి వెలుగు చూడలేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించినారు. దొరికినవి పన్నెండు వేలకు పైనే. రేకుమీద రాగం పేరు వుంది గాని పాడే వరుస లేదు. కాబట్టి ఈనాడు మనం వినే బాణీలు చాలావరకు రాళ్లపల్లి వారు, ఆ తరువాతి వారు కట్టినవే.

మన చక్కీపాటలు, లోరీలు తెలిసిన నానీమాలు, దాదీమాలు మన వీధుల్లో ఇంకా కొందరు వున్నారు. వాళ్లు పాడేవి ఏ రేకుమీదా ఎక్కలేదు. సెలవుల్లో పిల్లలు వాళ్ల దగ్గర కూర్చొని, మాట మార్చకుండా నోటుపుస్తకంలో రాసుకొని రావాలని కోరుతున్నాము.