మాథెరాన్ పొగబండి: సర్ ఆదంజీ పీర్‌భాయ్

బొంబాయి నుండి పూనాకు పోవు ఇనుపదారిపై నేరల్ అను చిన్న స్టేషను గలదు. అచ్చటినుండి రెండడుగుల వెడల్పు గల పట్టాలపై బొమ్మబండి వంటి యొక బండి, సుమారు 13 మైళ్లు మెలికలు తిరిగి, సహ్యాద్రిపై 2,600 అడుగుల యెత్తున నున్న మాథెరాన్ చేరును. వేసవి చల్లదనమునకై దాని నెక్కువారిలో, దానికి ధనమిచ్చిన వాని పేరెరిగిన వా రెందరు?

ఆదంజీ పీర్‌భాయ్ 1846లో బీద బోరా కుటుంబమున జన్మించెను. బాల్యముననే బొంబాయి వీధులలో అగ్గిపెట్టెలమ్మి పొట్టపోసికొనెను. పిదప ఆంగ్ల సైన్యమునకు గుడారములును బూట్లును సరఫరా చేయు కంట్రాక్టులు పట్టి, ధారావిలో పెద్ద తోళ్ల కార్ఖానా నెలకొల్పి, కోటీశ్వరుడయ్యెను. 1897లో బొంబాయి షెరీఫయ్యెను. 1907లో సర్ బిరుదమును బొందెను. ఆ సంవత్సరమే కరాచీలో ముస్లిం లీగు మహాసభకు అధ్యక్షత వహించెను.

మనల నణచిన సైన్యము కాళ్లకు తొడిగిన బూట్ల సొమ్ము గదా యని మన దేశభక్తులు ముఖము చిట్లింపవచ్చును. ఆ మాట నిజము, దాచవలసిన పనిలేదు. కాని యా సొమ్ములో కొంత యెటు పోయెనో కూడ చూడవలెను. మన దేశమున తొలి పెద్ద రైలుదారులు లండను కంపెనీలు వేసినవి. వానికి నూటికి 5 వంతున వడ్డీకి దొరతనమువారు పూచీపడిరి. ఆదాయము తగ్గినప్పుడు లోటు మన రైతుల పన్నులనుండి తీరెను. అట్టి చరిత్ర గల దేశమున ఒక భారతీయ కుటుంబము 16 లక్షల రూపాయలు వెచ్చించి కొండకు దారి వేయబూనుట సామాన్యము కాదు.

1904లో పని యారంభమయ్యెను. ధనము తండ్రిది, శ్రమ కుమారుడు అబ్దుల్ హుస్సేనుది. బార్సీ చిన్న రైలు నిర్మించిన ఎవరార్డ్ కాల్‌త్రాప్ సలహాదారుగా నుండెను. 20 అడుగుల నడకకు ఒక అడుగు చొప్పున ఎక్కుడు. మలుపులా, కడు బిగువైనవి. మామూలు యింజను చక్రములచ్చట పట్టాలు తప్పును. కావున చివరి యిరుసులు మలుపును బట్టి కదలునట్లు యింజనులను జర్మనీలో చేయించి తెప్పించిరి. 1907 మార్చిలో బండి నడచెను.

ఆదంజీ 1913లో గతించెను. దారి తరువాత ప్రభుత్వపరమయ్యెను. 2005 జూలై వరదలు పట్టాలను కొట్టుకొనిపోగా 2007లో బండి మరల నడచెను. 2019 వర్షములకు తిరిగి ఆగి, 2022 అక్టోబరులో మరల కొండనెక్కెను.