గ్రైప్‌వాటర్ సీసా మీది పేరు ఎవరిది?

మీ ఇంట్లో పురుడు వచ్చాక బిడ్డను చూడటానికి వచ్చిన పెద్దవాళ్లలో ఎవరో ఒకరు గ్రైప్‌వాటర్ మాట ఎత్తే ఉంటారు. పాములను పట్టుకున్న పసివాడి బొమ్మతో ఉండే ఆ సీసా మన ఇళ్లకు ఎంత పాతదంటే, మీ అమ్మమ్మకు వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. దాని మీద పేరున్న విలియం వుడ్‌వర్డ్ కథ తెలిస్తే, అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడ్చినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో మీకు సగం తెలిసినట్లే.

వుడ్‌వర్డ్ 1828లో ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలోని స్టామ్‌ఫర్డ్‌లో పుట్టారు. పద్నాలుగేళ్లకే ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరారు. అప్పట్లో మందులు అమ్మేవారే వాటిని నూరి, కలిపి, సీసాల్లో నింపేవారు. ఆ చుట్టుపక్కల ‘ఫెన్స్’ అనే చిత్తడి నేలలు విస్తారంగా ఉండేవి. అక్కడి జనాన్ని చలిజ్వరం పీడించేది. అది మలేరియా. దోమే దానికి కారణమని అప్పటికి ఎవరికీ తెలియదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో! 1840ల్లో ఆ జ్వరానికి ఇచ్చే మందు తాగిన పసిపిల్లలకు ఏడుపు తగ్గి, కడుపు తేలికపడినట్లు కనిపించేది. ఆ సంగతి వుడ్‌వర్డ్‌కు పట్టుబడింది.

పని నేర్చుకున్నాక ఆయన నాటింగ్‌హామ్ చేరి, 1851లో సొంతంగా మందు తయారీ మొదలుపెట్టారు. సోయకూర గింజల నూనె, వంటసోడా, పంచదార, నీళ్లు, వాటితోపాటు కొంత ఆల్కహాలు. ఇదే ఆ మందు. కడుపులో మెలిపెట్టే నొప్పిని ఇంగ్లిష్‌లో గ్రైప్ అంటారు. ఆ పేరుతోనే 1876లో గ్రైప్‌వాటర్‌ను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించారు. బొమ్మలోని పసివాడు గ్రీకు పురాణాల హెర్క్యులిస్. ఊయలలోనే పాముల గొంతు నులిమాడని కథ. పూతనను హరించిన చిన్నికృష్ణుడిని ఎరిగిన మనకు ఆ బొమ్మ పరాయిదిగా తోచకపోవడంలో వింతేముంది? 1912లో వుడ్‌వర్డ్ కన్నుమూశారు. సీసా మాత్రం తరాలు దాటింది.

మరి ఆ మందు నిజంగా పనిచేసిందా? పాత తయారీలో ఆల్కహాలు సుమారు 3.6 శాతం ఉండేది. అది పసివాళ్లను మత్తుగా పడుకోబెడుతుంది. తీపి నాలుకకు తగిలితే ఏడుపు కాసేపు ఆగుతుంది. బ్రిటన్‌లో 1990ల తొలినాళ్లలో ఆల్కహాలును తీసేశారు. ఇక మిగిలినవి గ్యాస్‌ను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు.

అసలు కిటుకు వేరే ఉంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్లో ఈ ఏడుపు రెండు మూడు వారాల వయసులో మొదలై, ఆరు వారాలకు బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి మధ్యలో ఏది పోసినా మంచిపేరు దానికే వస్తుంది. వాము నీళ్లకైనా, వసకైనా, గ్రైప్‌వాటర్‌కైనా అంతే. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. చిన్న పొట్టను వీటితో నింపితే తాగే పాలు తగ్గుతాయి. శుభ్రం లేని చెంచాతో విరేచనాలూ రావచ్చు.

అలాగైతే రాత్రి రెండు గంటలకు ఏం చేయాలి? బిడ్డను నిటారుగా భుజాన వేసుకుని, తల, మెడ పట్టుకుని వీపు మీద మెల్లగా తట్టండి. త్రేన్పు రాకపోతే ఒళ్లో కూర్చోబెట్టి, గడ్డానికి చేయి ఆనించి మళ్లీ తట్టండి. పది నిమిషాలైనా రాకపోతే వదిలేయండి, ప్రతిసారీ రావాలని లేదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను సైకిల్ తొక్కినట్లు ఆడించండి. గోరువెచ్చని చేత్తో పొట్టను గడియారం ముల్లు తిరిగే దిశలో నిమరండి. పాలిచ్చేటప్పుడు రొమ్ము నల్లభాగం చాలామటుకు బిడ్డ నోట్లో ఉంటే గాలి మింగడం తగ్గుతుంది. నిద్రపుచ్చేది మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

బాలింతకు నిద్ర లేకపోతే ఓపిక నశిస్తుంది. భర్త, అత్తగారు వంతులవారీగా ఎత్తుకోండి. విసుగు పట్టలేకపోతే బిడ్డను పక్క మీద భద్రంగా పడుకోబెట్టి, ఒక నిమిషం పక్కకు వెళ్లండి. కోపంలో బిడ్డను కుదపకండి. మెదడులో రక్తస్రావం అవుతుంది.

కొన్ని ఏడుపులు గ్యాస్‌వి కావు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, ఆకుపచ్చగా వాంతి అయినా, మలంలో రక్తం కనిపించినా, పొట్ట గట్టిగా ఉబ్బినా, గజ్జల్లో వాపు కనిపించినా, పాలు పట్టకుండా మందకొడిగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి. ఇలాంటప్పుడు గ్రైప్‌వాటర్ పోసి గంటలు గడపడమే అసలు ప్రమాదం.

మలేరియాకు కారణమే తెలియని రోజుల్లో, బిడ్డ ఏడుపు ఆపాలని వుడ్‌వర్డ్ తనకు తెలిసింది చేశారు. ఆ తర్వాత మనం తెలుసుకున్నది చాలా ఉంది. సీసాను అలమరలోనే ఉంచి, బిడ్డను భుజాన వేసుకోండి.