శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్: చదువు, ఆరోగ్యం

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు చెప్పినారు. ఆ భాగ్యానికి ఆసుపత్రి ఎంత అవసరమో పాఠశాల కూడా అంతే అవసరమని ఆచరణలో చూపిన మహనీయురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. బొగ్గుగనుల మధ్య పెరుగుతున్న మా విద్యార్థినీ విద్యార్థులకు ఆమె జీవితాన్ని పరిచయం చేయడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించినారు. ఎనిమిదవ ఏటనే వివాహం జరిగినది. యుక్తవయస్సు రాగానే ఆ బంధాన్ని నిరాకరించినారు. బాలికగా ఉన్నప్పుడే కాకినాడలో హిందీ పాఠశాల నడిపి స్త్రీలకు చదువు చెప్పినారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని కారాగారవాసం అనుభవించినారు. విడుదలైన పిదప, ఇతరులు చదువు ముగించే వయస్సులో, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. అనంతరం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బి.ఏ. ఆనర్సు, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసినారు.

ఆలస్యంగా లభించిన ఈ చదువే ఆమె సేవకు బీజమైనది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను అదే మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసినారు. కాలక్రమాన ఆ సభయే ఆసుపత్రిని, నర్సుల శిక్షణను కూడా చేపట్టినది. రాజ్యాంగ సభలోను, ప్రణాళికా సంఘంలోను సభ్యురాలిగా పనిచేసిన దుర్గాబాయి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనారు. ఆ సంవత్సరమే శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడినారు.

గ్రామాలలో తల్లీబిడ్డల సంక్షేమ కార్యక్రమాలు విస్తరింపబూనగా ఒక చిక్కు ఎదురైనది. నర్సు శిక్షణకు, మంత్రసాని శిక్షణకు కావలసిన కనీస విద్యార్హత గల స్త్రీలు పల్లెలలో చాలినంతమంది లేరు. సేవ చేయగల వితంతువులు, నిరాధారులు ఎందరో ఉన్నారు; కాని వారి చేతిలో సర్టిఫికెట్ లేదు. అందుకే 1958లో మండలి సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించినది. అనేక సంవత్సరాల పాఠాలను రెండు మూడేళ్లలో నేర్పి, పెద్దవయస్సు స్త్రీలను పరీక్షలకు పంపుట వాటి విధానం. అట్లా ఒక స్త్రీ చదువు ఆమెకు జీవనాధారమై, ఊరికి వైద్యసహాయమైనది.

దుర్గాబాయి ఆచరించిన మార్గానికి పరిశోధన బలం కూడా కలదు. తల్లి చదివినకొద్దీ శిశుమరణాలు తగ్గుతున్నాయని జాన్ కాల్డ్‌వెల్ 1979లో నైజీరియా సమాచారంతో నిరూపించినారు. ఆ మేలు బాల్యంతో ఆగదు. మందుచీటీ చదవగలిగినవారు, రక్తపోటును, మధుమేహాన్ని సకాలంలో పరీక్షించుకొనేవారు, వైద్యుణ్ణి జంకులేక ప్రశ్నించేవారు వార్ధక్యంలో తమను తాము కాపాడుకోగలరు. చదువొక్కటే సర్వరోగనివారిణి కాదు. కూలి, గాలి, నీరు కూడా బాగుండవలెను. అయినను చదువు లేనివానికి చెంతనున్న ఆసుపత్రి సైతం దూరమే.

పద్మవిభూషణ్ పురస్కారం పొందిన ఆ సేవామూర్తి 1981 మే 9న కన్నుమూసినారు.

గోదావరిఖనిలో తండ్రి షిఫ్టుకు, పిల్లలు కళాశాలకు వెళ్లిన తరువాత ఇంట ఒంటరిగా మిగిలే తల్లులు ఎందరో! వారిలో ఉర్దూ బడిలో నాలుగైదు తరగతులు చదివి మానినవారు ఉన్నారు, తెలుగు బడి గడప తొక్కనివారూ ఉన్నారు. ఓపెన్ స్కూల్ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయుటకు వారికి నేడు మార్గం ఉన్నది. ప్రతి విద్యార్థి రోజుకొక గంట తన అమ్మీకి, అమ్మకు చదువు చెప్పినచో అదే దుర్గాబాయికి మనమర్పించే నిజమైన నివాళి అని మా విశ్వాసం.