ఫుట్‌బాల్ ఆచార్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం

గొప్ప ఆటగాడే గొప్ప శిక్షకుడు కాగలడని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయాన్ని తన జీవితంతో తారుమారు చేసిన మహనీయుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాడుగా ఆయన స్థానిక పోటీల స్థాయివాడే. శిక్షకుడుగా మాత్రం ఆసియా ఖండంలో భారతదేశాన్ని అగ్రస్థానాన నిలిపారు. ఈ రెంటికీ నడుమ ఉన్న వంతెన ఉపాధ్యాయ వృత్తి.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైనచోట్ల ఉపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యత కూడా స్వీకరించారు. విశ్వవిద్యాలయ జట్టులోనూ, నగరంలోని కమర్ క్లబ్బు తరఫున లీగు పోటీలలోనూ ఆడారు. అంతకు మించిన కీర్తి ఆయనకు ఆటగాడుగా దక్కలేదు.

1940ల ఆరంభంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి పదవి ఆయనను వరించింది. తుదిశ్వాస వరకూ ఆయన ఆ పదవిలో కొనసాగారు. తరగతి గదిలో అక్షరాలు దిద్దించిన ఓర్పునే మైదానానికి తెచ్చారు. బంతిని కాలి కింద అట్టిపెట్టుకుని పోకుండా వెంటనే సహచరునికి అందించే అలవాటు కలగడానికి ప్రత్యేక పోటీలు పెట్టారు. కుడికాలి వాటంగల వారు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు నిర్వహించారు. పొట్టి పిల్లలు వెనుకబడకుండా ఎత్తును బట్టి పోటీలు ఏర్పాటుచేశారు. బలహీనమైన కాలిని బలపరచడమే అసలైన శిక్షణ అని ఆయన నమ్మకం. పడుగులో ఒక్క పోగు తెగినా వస్త్రం చెడుతుందని ఎరిగిన నేతపనివారికి ఈ సూత్రం విడమరచి చెప్పనక్కరలేదు.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ రోజులలో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా జట్లదే పైచేయి. అట్టి కాలంలో హైదరాబాదు పోలీసులు సోలాపూరు మీదుగా సాగే రైలు మార్గానికి ఆ కొసన ఉన్న బొంబాయిలో, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు రోవర్స్ కప్పును గెలుచుకున్నారు. డ్యూరాండ్ కప్పు కూడా రహీం కాలంలో నాలుగు పర్యాయాలు ఆ జట్టు వశమైంది. సికిందరాబాదు అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరాం వంటి పేద యువకులను వెదకి పట్టి, తీర్చిదిద్ది, దేశానికి అందించిన ఘనత ఆయనది.

జాతీయ జట్టు శిక్షకులుగా ఆయన తొలి విజయం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణపతకం. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో చేదు అనుభవం ఎదురయింది. మన ఆటగాళ్ళలో అనేకులు ఉత్త కాళ్ళతో చలినేలపై ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ పరాజయం పాఠమయింది. బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం మాత్రం కుంగిపోక, విదేశీ జట్ల వ్యూహాలను అధ్యయనం చేసి, ఆటగాళ్ళకు కొత్త పద్ధతులు నేర్పారు. నాలుగేళ్ళకే ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనలుకు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ సాధించిన ఆ ఆటతో, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలుకు చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశం నిలిచింది. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన ఫ్రాన్సుతో 1-1 గా సమానంగా ఆడింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం శరీరంలో క్యాన్సర్ వ్యాధి ప్రవేశించింది. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. అంతలో నాటి రాజకీయ వివాదాల ఫలితంగా స్థానిక ప్రేక్షకులు భారతీయులపై ఆగ్రహంతో ఉన్నారు. థాయిలాండు, జపాను జట్లను ఓడించి భారత జట్టు నిలదొక్కుకుంది. థాయిలాండుతో ఆటలో తలకు గాయమై కుట్లు పడిన రక్షక ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసకు పంపారు. సాహసమే అయినా అది ఆలోచించి వేసిన అడుగు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై 3-2 విజయం లభించింది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో తొలుత ఓడించిన దక్షిణ కొరియానే తిరిగి ఎదురయింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు సాధించగా భారతదేశం 2-1 తేడాతో స్వర్ణం గెలుచుకుంది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరల స్వర్ణం రాలేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని భారత ప్రభుత్వం 1985లో నెలకొల్పేనాటికి ఆయన మరణించి 22 సంవత్సరాలయింది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడై, అనంతరం అంతర్జాతీయ రిఫరీగా పేరుపొందారు. రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చలనచిత్రం 2024లో విడుదలై, కొత్త తరానికి ఆయన పేరు పరిచయం చేసింది.

తాను అందుకోలేని శిఖరానికి శిష్యులను చేర్చడమే గురువు ధర్మం. పాఠశాల నుండి మైదానానికి నడచిన రహీం ఆ ధర్మాన్ని తుదివరకూ పాటించారు. శిష్యుల మెడలో వెలిగిన పతకాలే ఆయనకు తరగని కీర్తి.